పెళ్లికి దాచిన సీసా

ఆదివారం సాయంత్రం యమున వచ్చేసరికి మాధవీలత వీధి వైపు కిటికీలన్నీ మూసి కూర్చుంది. మొగుడు పోయిన అరవై మూడేళ్ల మనిషి ఇంట్లో మద్యం సీసా తెరుస్తున్నారంటే ఎదురింటివాళ్లు ఏమనుకుంటారోనని ఆమె భయం.

"కిటికీలు ఎందుకు మూసినవే?" అంది యమున చెప్పులు విడుస్తూ. "తెరిచి ఉంటే మందు తాగుతున్నరనుకుంటరు, అంతే. మూస్తే ఇంకేందో అనుకుంటరు."

మాధవీలతకు నవ్వు రాలేదు. లేచి ఒక రెక్క తెరిచింది, మళ్లీ మూసింది. రెండు రోజులుగా ఆమెకు దేనికీ ఓపిక లేదు. ఇన్నేళ్లుగా ఒకదాని కోసం కాచుకొని ఉన్న ఒళ్లు, ఇక కాచుకోవాల్సిన పని లేదని తెలిశాక బరువెక్కిపోయింది.

సీసా వంటింటి గట్టు మీద నిలబడి ఉంది. నల్లటి గాజు. అంటించిన కాగితం అంచులకు బూజు పట్టింది కానీ, మధ్యలో 1997 అన్న అంకె ఇంకా బాగానే కనబడుతోంది. అది వర్ష పుట్టిన సంవత్సరం. వర్ష మాధవీలత ఒక్కగానొక్క కూతురు.

మాధవీలత భర్త రఘునందన్ మేడ్చల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో యంత్రాలు చూసుకునేవాడు. కొత్త యంత్రం బిగించడానికి పోర్చుగల్ నుంచి ఒక ఇంజనీరు వచ్చి నెల రోజులు ఉన్నాడు. వీళ్ల ఇంట్లో అన్నం తిన్నాడు, మూడేళ్ల వర్షను భుజాల మీద ఎక్కించుకొని వీధంతా తిప్పాడు. మళ్లీ వచ్చినప్పుడు ఈ సీసా తెచ్చాడు. పోర్టు అంటారట, ద్రాక్షతో చేసే తియ్యటి మద్యం. తమ దేశంలో బిడ్డ పుట్టిన ఏటి పంటతో చేసిన సీసా కొని చీకట్లో పడుకోబెట్టి దాస్తామని, పిల్ల పెళ్లినాడు తెరుస్తామని చెప్పాడు. రఘునందన్‌కు ఆ మాట తెగ నచ్చింది. ఆయన తాగే మనిషి కాదు. పండగనాడు బావమరుదులు బలవంతపెడితే ఒక గుక్క కల్లు, అంతే. అయినా ఆ సీసాను పాత దుప్పట్లో చుట్టి మెట్ల కింద అరలో పెట్టాడు. ఎండాకాలం వస్తే తడిపిన గోనెపట్టా కప్పేవాడు. చుట్టాలెవరైనా ఆశపడి అడిగితే, "అది మా బిడ్డ పెళ్లిది" అని అర తలుపు వేసేవాడు.

ఆయన పోయి నాలుగేళ్లయింది. గోనెపట్టా తడపడం మాధవీలత మానలేదు.

మొన్న శుక్రవారం యమున వచ్చి, చాలాసేపు కొంగు సర్దుకుంటూ కూర్చుని, చివరికి సంగతి చెప్పింది. యమున బస్ డిపోలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, పక్క వీధిలో ఉంటుంది. ఆమె అక్క కొడుకు రాఘవేందర్ పూణేలో వర్ష పనిచేసే ఆఫీసులోనే ఉన్నాడు. పోయిన నెల వర్ష రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుందట. పిల్లవాడి పేరు కుమార్. ఆఫీసులో అందరికీ లడ్డూలు పంచిందట.

తల్లీకూతుళ్ల మధ్య చెప్పుకోదగ్గ గొడవేమీ జరగలేదు. రఘునందన్‌కు జబ్బు చేసినప్పుడు, దూరాన ఉన్న పిల్ల కంగారుపడుతుందని, తగ్గాక చెబుదామని మాధవీలత దాచింది. ఫోను వచ్చినప్పుడల్లా "నాయిన బాగనే ఉన్నడు" అంది. తగ్గలేదు. వర్ష వచ్చేసరికి అంతా అయిపోయింది. పిల్ల కేకలు వేయలేదు. పదో రోజు కాగానే బ్యాగు సర్దుకొని వెళ్లిపోయింది. వారానికోసారి వచ్చే ఫోను నెలకొకటయింది, తర్వాత పండగకొకటి, రెండేళ్లుగా అదీ లేదు. తాను చేస్తే ఎత్తదేమోనని మాధవీలత చేయలేదు. చేసి ఎత్తకపోతే, ఇక ఆ తర్వాత అనుకోవడానికి ఏమీ మిగలదు.

పెళ్లి కబురు విన్నాక ఆమె ఏడవలేదు. "ఇగ దాని దారిన అది," అంది. "ఆదివారం రాండ్రి, ఆ సీసా తెరిచి తాగేద్దాం. ఇంట్ల పెట్టుకొని ఎవరి పెళ్లికి చూడను?"

రుక్కమ్మ, ఇస్తారి కూడా ఆ పిలుపు మీదే వచ్చారు, పెళ్లి కబురు మాత్రం వాళ్లకు తెలియదు. రుక్కమ్మ ఆదివారం ఆదివారం మేడ్చల్ అంగడిలో చేపలమ్ముతుంది. గిరాకీ అయ్యాక చేతులు కడుక్కొని చాయ్ తాగడానికి మాధవీలత ఇంటికి వస్తుంది. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఆమె భర్త ఇస్తారి చీకటిపడే వేళకు మోపెడ్ మీద వచ్చి తీసుకుపోతాడు. మూడేళ్లుగా ఇదే అలవాటు. రఘునందన్ పోయాక చేపలు మానేసిన మాధవీలత చేత, ముళ్లు తీసి పక్కన కూర్చుని మళ్లీ తినిపించింది రుక్కమ్మే.

ఇన్నేళ్లలో రుక్కమ్మ అడగనిది ఒక్కటే. హాల్లో ఒక అరలో రఘునందన్ పటం, దాని పక్కనే నవ్వుతున్న ఒక అమ్మాయి పటం, రెండింటి ముందు దీపం. మొదటిసారి వచ్చినప్పుడు ఎవరని అడిగితే "మా వర్ష" అని మాధవీలత గబగబా లోపలికి వెళ్లిపోయింది. రుక్కమ్మ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇంటి వెనక కొంచెం మట్టి జాగా, ఒక కరివేపాకు చెట్టు, బట్టలుతికే బండ ఉన్నాయి. అక్కడే కుర్చీలు వేశారు. హైవే మీద లారీల మోత ఎడతెగకుండా వినబడుతోంది.

"గిదేనా సీసా? బిడ్డ పేరు మీద సారు దాచిండంటివి గద, గదేనా?" అంది రుక్కమ్మ.

"అదే," అంది మాధవీలత.

రుక్కమ్మ ఇంకేమీ అనకుండా ఆమె వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. ఎందుకు నిమిరిందో మాధవీలతకు అర్థం కాలేదు, కానీ ఆ చెయ్యి బాగానే అనిపించింది.

ఇస్తారి సీసా మూతికి ఉన్న మైనం గోకి, బిరడాలో ఒక మేకు దింపి, పట్టకారుతో లాగాడు. సగం బిరడా పొడిపొడిగా ఊడి చేతిలోకి వచ్చింది. మిగతా సగం కదల్లేదు.

"చేసినవా నాశనం?" అంది రుక్కమ్మ. "గొంతుల ముల్లు ఇరుక్కున్నట్టు ఇరుక్కున్నది. నీకు చేతగాదంటె ఇనవు."

"నువ్వు జెర సప్పుడు జేయకు. ఇన్నేండ్లు మూసుకున్న నోరు, నేను రమ్మనంగనే తెరుస్తదా?"

"నా నోరు గురించా?"

"సీసా గురించే చెప్తున్ననే తల్లీ!"

యమున ఫోనులో చదివింది. బిరడాను లోపలికి నూకేసినా ఫర్వాలేదట, మెత్తటి గుడ్డలో వడగట్టాలట. ఇస్తారి స్పూను కాడతో బిరడాను లోపలికి నూకాడు. మాధవీలత రఘునందన్ పాత పంచె నుంచి చింపిన ముక్క తెచ్చి స్టీలు చెంబు మూతికి కట్టింది.

"కల్లు లెక్క ఒక్కసారి కలిపి పోయాల్నా?" అన్నాడు ఇస్తారి.

"ముట్టుకుంటే చూడు!" అంది యమున. "అడుగున మడ్డి ఉంటదట, అది కదలొద్దు. మెల్లగ వంచు."

సన్నటి ధార గుడ్డలోంచి దిగింది. ఎరుపే, కానీ ఎండకు వెలిసిన ఇటుక రంగు కలిసిన ఎరుపు. ఖర్జూరపు పండు వాసన, దాని వెనక చింతపండు వాసన, ఇంకా వెనక ఎక్కడో బెల్లం కుండ మూత తీసినప్పటి వాసన. అడుగున మడ్డి కనబడగానే ఇస్తారి సీసాను నిలబెట్టాడు. మాధవీలత చెంబులోంచి చాయ్ గ్లాసుల్లో పోసింది.

"ఆగుండ్రి," అంది రుక్కమ్మ. "ముందుగాల సాక."

వాళ్లింట్లో సాక పోయకుండా ఎవరూ గుక్క మింగరు. కల్లు కానీ, మరొకటి కానీ, మొదట కొంచెం పోయినవాళ్ల పేరు చెప్పి మట్టిలో పోయాలి. ఆ తర్వాతే బతికున్నవాళ్లు. మాధవీలతకు ఆ సంగతి తెలుసు. ఆయన పేరు చెబుతుందనుకొని తల వంచుకొని చేతులు జోడించింది.

రుక్కమ్మ చెప్పులు విడిచి, కొంగు తల మీదికి లాక్కొని, తన గ్లాసు పట్టుకొని కరివేపాకు చెట్టు మొదట్లో వంగింది.

"వర్షమ్మా, తల్లీ! నీ పేరు మీద దాచింది, ముందుగాల నీకే. మీ నాయిన చెయ్యి వట్టుకొని సల్లంగ ఉండు బిడ్డా. మీ అమ్మ ఒక్కతే అయింది, ఆమెను కనిపెట్టుకో."

గ్లాసంతా వంచేసింది. మట్టి దాన్ని వెంటనే పీల్చుకుంది.

మాధవీలత జోడించిన చేతులు అలాగే ఉన్నాయి. "ఎవరి పేరు చెప్పినవు?" అంది.

"బిడ్డ పేరే అక్కా."

"నా బిడ్డ బతికే ఉన్నది."

ఇస్తారి చేతిలోని గ్లాసును బండ మీద పెట్టేశాడు. రుక్కమ్మ వంగినచోటే మట్టిలో కూలబడింది.

"బతికున్నదా? మరి పటం? సారు పటం పక్కన వెట్టి దీపం ముట్టిస్తవు గదనే అక్కా! బతికున్న పిల్ల పటం పోయినోళ్ల పక్కన ఎవలన్న పెడ్తరా?"

"ఆయనకు అదంటే ప్రాణం," అంది మాధవీలత. "ఇద్దరు ఒక్క దగ్గరుంటే బాగుంటదని పెట్టిన."

"మూడేండ్ల సంది ఆ పిల్ల కోసం కుములుతున్న. ఎన్నడన్న ఒక్క మాట చెప్తివా? ఫోనొచ్చిందంటివా, పండుగకొస్తదంటివా? నేనేమనుకోవాలె?"

మాధవీలత జోడించిన చేతులను అప్పుడు విడదీసింది.

"ఏం గాదు," అని యమున నవ్వబోయింది. "ఒకరు పేరు చెప్పినంత మాత్రాన ఇంకొకరికి ఏమైతది? తాగండి, తాగండి."

ఎవరూ గ్లాసు ముట్టలేదు. మాధవీలత ఆ తడి మట్టి వైపే చూస్తోంది. వర్ష ఎలా ఉందో ఈ పూట తనకు తెలియదు. పోయిన నెల లడ్డూలు పంచిందని తెలుసు, అంతే. ఆ నెల రోజుల్లో ఏమైనా అయి ఉండొచ్చు. దూరాన ఉన్నవాళ్లకు తెలియకుండా ఇళ్లలో ఏమేం అయిపోతాయో ఆమెకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?

"నీళ్లు తే," అని రుక్కమ్మ మొగుడిని తరిమింది. ఇస్తారి బకెట్ తెచ్చి చెట్టు మొదట్లో కుమ్మరించాడు. రుక్కమ్మ హాల్లోకి వెళ్లి వర్ష పటాన్ని అరలోంచి తీసింది. ఎక్కడ పెట్టాలో తెలియక, బయటికి తెచ్చి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.

"మా తాతకు గిట్లనే అయింది వదినె," అన్నాడు ఇస్తారి. "చెరువుల మునిగిపోయిండనుకొని సాక వోసిండ్రు. రెండు రోజులకు అవతలి ఒడ్డు నుంచి నడుసుకుంట వచ్చిండు. మా అవ్వ లోపలికి రానియ్యలే. వాకిట్ల నిలవెట్టి పేరు వెట్టి పిలిచింది. పుట్టి బుద్ధెరిగి మొగని పేరు నోట తీయనిది, ఆనాడు వాడకట్టంత ఇనేటట్టు మల్లయ్యా అన్నది. ఆయన 'ఓ' అన్నంకనే లోపలికొచ్చుడు. గంతే. పేరు వెట్టి పిలువాలె, మనిషి పలుకాలె."

"ఔ," అంది రుక్కమ్మ. "సాక వోసిన పేరు పలికితె దోషం పోతది. కన్నతల్లివి, నువ్వే పిలువాలె అక్కా."

"అది పూణేల ఉంది రుక్కమ్మా."

"ఫోన్ల పిలువు. గొంతు గొంతే గద."

"ఎత్తదు."

"ఎత్తదని నీకెట్ల తెలుసు?" అంది యమున. "రెండేండ్లాయె, ఒక్కసారన్న చేసినవా?"

మాధవీలత ఫోను తీసింది. వర్ష పేరు వెతికి నొక్కింది. అవతల మోగింది, మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ అలాగే ఆగిపోయింది. ఆమె ఫోను ఒళ్లో పెట్టుకొని కళ్లు మూసుకుంది. ఏడుపు రాలేదు. పడుకుంటే చాలనిపించింది, అక్కడే, ఆ బండ మీదే.

"రాఘవేందర్‌ను అడుగుత," అంది యమున.

"వద్దు."

పురుగులు వాలుతున్నాయని రుక్కమ్మ గ్లాసుల మీద పళ్లేలు బోర్లించింది. పిల్ల పలికేదాకా ఎవరూ ముట్టొద్దని ఇస్తారి అన్నాడు. నిజానికి అతనికి గొంతు ఎండిపోతోంది. పళ్లెం వైపు ఒకసారి చూసి, పెళ్లాం చూపు తగలగానే మొహం తిప్పుకున్నాడు. హైవే మీద లారీలు పోతూనే ఉన్నాయి. ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసింది.

ఫోను మోగింది. మాధవీలత ఉలిక్కిపడి, ఒళ్లోంచి జారబోయిన ఫోనును పట్టుకుంది.

"అమ్మా? ఏమైంది?" వర్ష ఆయాసపడుతోంది. "నీకేమైంది? ఆసుపత్రిల ఉన్నవా? పక్కన ఎవరన్న ఉన్నరా? ఫోన్ వాళ్లకియ్యి."

"నాకేం గాలే. బాగనే ఉన్న."

"నిజం చెప్పు. అప్పుడు గూడ బాగనే ఉన్నడనే చెప్పినవు."

"నిజమే బిడ్డా. ఇంట్లనే ఉన్న, యమున పక్కనే ఉన్నది."

"మరెందుకు చేసినవు?"

ఎదురుగా రుక్కమ్మ పటాన్ని గుండెకు అదుముకొని, పేరు, పేరు అని పెదవులు కదుపుతోంది.

"వర్షా," అంది మాధవీలత.

"చెప్పమ్మా."

రుక్కమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ పలుకు ఆమెకు చాల్లేదు.

"వర్షా."

"ఆఁ... ఏందమ్మా?"

రుక్కమ్మ కొంగుతో మొహం తుడుచుకొని ఆకాశానికి దండం పెట్టింది. మాధవీలత కుర్చీ చెయ్యి పట్టుకొని వెనక్కి వాలింది. వర్ష ఫోను పెట్టలేదు.

"నీ పెళ్లయిందట," అంది చివరికి.

"ఔ," అంది వర్ష. "చెప్పాలనుకున్న. ఎట్ల చెప్పాల్నో తెలువలే."

"మంచోడేనా?"

"మంచోడే."

ఈసారి ఏదీ దాచకూడదని మాధవీలత అనుకుంది. ఇంకా ఆలోచిస్తే దాచేస్తుందని, వెంటనే అనేసింది. "మీ నాయిన సీసా తెరిచిన."

"ఏ సీసా?" అని, వెంటనే, "మెట్ల కిందిదా?" అంది వర్ష. "అది నాది గదమ్మా! నేను లేకుంటనే తెరిచినవా? నాయినప్పుడు గూడ గంతే, ఇప్పుడు గూడ గంతేనా?"

అరుస్తోంది. నాలుగేళ్ల కింద అరవాల్సిన అరుపు అది. మాధవీలత ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకొని విన్నది. పక్కన కూర్చున్న ముగ్గురికీ వినబడుతోంది. ముగ్గురూ కరివేపాకు చెట్టు వైపు చూస్తున్నారు.

"ఎవ్వలం ఒక్క గుక్క గూడ తాగలే," అంది వర్ష ఆగాక. "కొంచెం మట్టిల పోసినం."

"మట్టిలనా? ఎందుకు?"

"వచ్చినంక చెప్త."

ఆ మాట ఎలా నోట్లోంచి వచ్చిందో ఆమెకే తెలియదు. అవతల ఎవరో మగగొంతు ఏదో అడిగింది, వర్ష ఏమీ కాలేదని హిందీలో చెప్పింది.

"తెరిస్తే ఎన్నొద్దులుంటదట అది?" అని అడిగింది.

"రెండు మూడు రోజులే అంట. యమున ఫోన్ల చూసింది."

"చిన్న సీసాల అంచు దాక పొయ్యి. గాలికి సందు లేకుంట మూత గట్టిగ పెట్టి ఫ్రిజ్‌ల పెట్టు. ఇంకో రెండొద్దులు ఎక్కువుంటదేమో. శుక్రవారం చూస్త. వస్త అంటలేనమ్మా. చూస్త అంటున్న."

"సరే బిడ్డా."

ఫోను పెట్టేశాక మాధవీలత గోడ పట్టుకొని లేచి, లోపల తేనె సీసా ఒకటి ఖాళీగా ఉంటే వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి తెచ్చింది. చెంబులోది, గ్లాసుల్లోది దాంట్లోకి పోసింది. అంచుదాకా నిండేసరికి చెంబు అడుగున కొంచెమే మిగిలింది. దాన్ని నాలుగు గ్లాసులకు పంచింది. గ్లాసు అడుగు తడిసేంత వచ్చింది ఒక్కొక్కరికి.

"ఇంత ఆగింది గీ జెర దానికా?" అన్నాడు ఇస్తారి.

"నీకు నోట్ల వడుడే ఎక్కువ," అంది రుక్కమ్మ. గ్లాసు పట్టుకొని మాధవీలత వైపు తిరిగింది. "ఈపారి పేరు నువ్వే చెప్పు అక్కా. నేను జన్మల చెప్ప."

"ఆయన పేరు."

"సారు పేరా? అయితె రెండు చుక్కలు చాలు," అన్నాడు ఇస్తారి. "సారు తాగే మనిషి గాదు గద."

యమున గట్టిగా నవ్వింది. రుక్కమ్మ రెండు చుక్కలు మట్టిలో వదిలింది.

అందరూ నోట్లో పోసుకున్నారు. కాసేపు ఎవరూ మింగలేదు.

"దగ్గు మందు లెక్కున్నది," అంది రుక్కమ్మ.

"నీ మొహం," అన్నాడు ఇస్తారి. అతను కళ్లు మూసుకున్నాడు. "ఇప్పపువ్వు ఎండవెట్టి, బెల్లంల నానవెట్టి, మర్చిపోయినట్టున్నది. మస్తు మంచిగున్నది వదినె."

మాధవీలతకు ముందు తీపి తగిలింది. తర్వాత నాలుక వెనక సన్నటి వగరు, అది దిగాక ఛాతీలో వెచ్చదనం. గొప్పగా ఉంటుందనుకుంది. గొప్పగానే ఉందేమో, అలసిపోయిన నోటికి సగమే తెలిసింది. గోనెపట్టాలు తడిపి దాచిన రఘునందన్‌కు ఇది ఎలా ఉంటుందో తెలియకుండానే పోయింది. ఆయనకు తీపి ఇష్టం. నచ్చేది.

మోపెడ్ తాళం తీసుకొని ఇస్తారి లేచాడు. రుక్కమ్మ ఒళ్లోంచి పటం తీసి ఎవరికి ఇవ్వాలా అని చూస్తే, మాధవీలత చేయి చాచి తీసుకుంది.

"ఇస్తారీ, శుక్రవారం కొర్రమీను దొరుకుతదా?"

"వలల ఏది వడ్తదో నాకేమెరుక వదినె? వడితె మాత్రం పొద్దుగాల్నే తెస్త."

"ముండ్లుంటే తినదు అది."

"కొర్రమీనుకు ముండ్లెక్కడియి? నడుమ ఒక్కటే గద."

"పిల్ల రాకుంటే?" అంది యమున మెల్లగా.

మాధవీలత వాళ్లను పంపడానికి కుర్చీలోంచి లేవబోయి, పటాన్ని ఒళ్లో పెట్టుకొని మళ్లీ కూర్చుంది.

"చేప తెచ్చినంక వండుడు తప్పదు గదే," అంది. "రాకుంటే మీరే వచ్చి తినుండ్రి."